అప్పు తీరే దారి: ఇంటి లెక్క, తోటివారి ఆసరా

ప్రతి శుక్రవారం అసర్ నమాజు తర్వాత మన సొసైటీ ఆఫీసులో అప్పుల విషయం మాట్లాడటానికి కూర్చుంటున్నాం. వచ్చేవారిలో ఎక్కువమంది అడిగే మొదటి మాట ఒకటే: "సొసైటీ నుంచి ఎంత ఇస్తారు?" మేము తిరిగి అడిగేది కూడా ఒకటే: "మీకు మొత్తం అప్పు ఎంత ఉంది?" ఈ రెండో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవారు ఇంతవరకు చాలా తక్కువ. చెప్పలేకపోవడానికి కారణం మోసం కాదు, భయం. లెక్క వేస్తే ఎంత తేలుతుందోనని ఎవరూ లెక్క వెయ్యరు.

ఈ సంచికలో అప్పు గురించి కాస్త వివరంగా రాయమని సభ్యులు కోరారు. ధర్మం ఏమంటోందో కొంత, మా ఎదుట కూర్చున్న ఒక కుటుంబం ఏం చేసిందో మరికొంత రాస్తున్నాం. ఆ కుటుంబం అనుమతి తీసుకున్నాం, పేరు, ఊరు మాత్రం రాయడం లేదు.

అప్పు చేయడం ఇస్లాంలో పాపం కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వయంగా అప్పు తీసుకున్నారు, తీర్చారు. ఆయన పరమపదించిన నాటికి ఆయన కవచం ఒక యూదుని దగ్గర బార్లీ కోసం తాకట్టులో ఉంది. అయితే తీర్చని అప్పును ఆయన ఎంత బరువుగా చూశారో తెలియడానికి సహీ బుఖారీలోని ఒక ఉదంతం చాలు. ఒక జనాజా తెచ్చారు. మృతునిపై అప్పు ఉందా అని ప్రవక్త (స) అడిగారు. మూడు దీనార్లు ఉందన్నారు. తీర్చడానికి ఏమైనా వదిలాడా అంటే లేదన్నారు. మీ సహచరునికి మీరే నమాజు చేసుకోండని ఆయన పక్కకు జరిగారు. అప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చి ఆ అప్పు తన పూచీ అన్నారు. ఆ తర్వాతే ప్రవక్త (స) నమాజు చేయించారు.

ఈ ఉదంతాన్ని మన ప్రసంగాల్లో సగమే చెబుతుంటారు. అప్పు ఉన్నవాడి జనాజా చేయలేదన్నంత వరకు చెప్పి ఆపేస్తారు. విన్న అప్పులవాడు తల వంచుకుని మస్జిదు నుంచి వెళ్లిపోతాడు, మరో వారం రాడు. మిగిలిన సగంలో పక్కవాడు లేచి నిలబడిన సంగతి ఉంది. దానికి తరువాయి కూడా ఉంది. విజయాలు లభించి ఖజానాకు ధనం వచ్చాక, అప్పుతో చనిపోయిన విశ్వాసి అప్పు తీర్చే బాధ్యత నాదని ప్రవక్త (స) ప్రకటించారు. బైతుల్ మాల్ అనే మాటకు అర్థం అక్కడ ఉంది.

ఇక ఆ కుటుంబం సంగతి. ఆయనకు రోడ్డు పక్కన పంక్చర్ షాపు. ఇంట్లో ఆమె జాకెట్లు కుడుతుంది. చదువుకునే కొడుకు, ముసలి తల్లి కూడా ఉన్నారు. రెండేళ్ల కిందట కూతురి పెళ్లి చేశారు. షాపు మీద రోజుకు 600 చొప్పున 25 రోజులకు 15,000, కుట్టుపని మీద 4,000, మొత్తం నెలకు 19,000 రూపాయలు వస్తున్నాయి. అప్పు ఎంత అంటే, "ఓ లక్ష ఉంటుందేమో భాయ్" అన్నాడు.

ఒక నోటుబుక్కు ఇచ్చి, ఇంటికి వెళ్లి భార్యతో కలిసి రాసుకు రమ్మన్నాం. భార్యతో కలిసి అన్న షరతు ముఖ్యం. మరుసటి శుక్రవారం ఇద్దరూ వచ్చారు. పుస్తకంలో ఇలా ఉంది: వడ్డీ వ్యాపారి దగ్గర ప్రోనోటు మీద 60,000, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆమె నల్లపూసల దండ బ్యాంకులో పెట్టి తెచ్చిన గోల్డ్ లోను 50,000. డైలీ ఫైనాన్సులో రోజుకు 100 చొప్పున ఇంకా 60 రోజులు, అంటే 6,000. ఫ్రిజ్ వాయిదాలు నెలకు 1,500 చొప్పున ఇంకా ఆరు, అంటే 9,000. కిరాణా ఖాతా 7,000. ఆమె తమ్ముడు ఇచ్చినది 30,000. మొత్తం 1,62,000.

లక్ష అనుకున్నది లక్షా అరవై రెండు వేలు ఎలా అయింది? కిరాణా కొట్టు, బావమరిది ఆయన లెక్కలోకి రాలేదు. వాళ్లు తలుపు తట్టరు కాబట్టి. ఇది ఒక్క ఆయన సంగతి కాదు. గట్టిగా అడిగేవాడి అప్పు గుర్తుంటుంది, మర్యాదగా ఊరుకున్నవాడి అప్పు మరుగున పడుతుంది. న్యాయంగా ఆలోచిస్తే ముందు గుర్తుండాల్సింది ఊరుకున్నవాడిదే. ఆ మాట విన్నప్పుడు ఆమె ఏడ్చింది. తమ్ముడు ఇంటికి రావడం మానేసి ఏడాది దాటిందట. తమ్ముడు డబ్బు అడగలేదు, వీళ్లు పిలవలేదు.

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్ నమాజు గురించో ఉపవాసం గురించో కాదు, అప్పు పత్రం రాసుకోవడం గురించి. అది అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్. గడువు పెట్టి చేసిన అప్పును రాసుకోవాలి, రాసేవాడు న్యాయంగా రాయాలి, సాక్షులు ఉండాలి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా బద్ధకించకూడదు. హజ్రత్ జుబైర్ (రజి) షహీదు అయినప్పుడు ఆయనపై 22 లక్షల అప్పు తేలింది. జనం దాచమని తెచ్చే సొమ్మును ఆయన అమానతుగా కాక అప్పుగా తీసుకునేవారు, పోతే తన పూచీ అయ్యేలా. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) ఆస్తి అమ్మి అప్పులన్నీ తీర్చారు. అంతటితో వాటాలు పంచలేదు. నాలుగేళ్లపాటు హజ్ రోజుల్లో, మా తండ్రి మీకు బాకీ ఉంటే వచ్చి తీసుకోండని ప్రకటన చేయించి, ఆ తర్వాతే వారసులకు పంచారు. వారసత్వం కన్నా అప్పు ముందని అన్నిసా సూరా 11వ ఆయత్ చెబుతుంది. మన ఇళ్లలో చనిపోయినవారి చాలీస్వాన్‌కు దేగ్‌లు ఎక్కుతాయి కానీ, ఆయన ఎవరికి బాకీ అని అడిగేవారు కనబడరు. భార్యకు ఇవ్వని మహర్ కూడా అప్పే. దాన్ని ఆ నోటుబుక్కుల్లో రాసిన మగవారిని మేము ఇంకా చూడాల్సి ఉంది.

వడ్డీ లెక్క కూడా అదే రోజు వేశాం. నూటికి మూడు అంటే చిన్నగా వినిపిస్తుంది. అది నెలకు. ఏడాదికి నూటికి ముప్పై ఆరు. అరవై వేలకు నెలనెలా 1,800. రెండేళ్లలో 43,200 కట్టాడు, అసలు అరవై వేలు అలాగే ఉంది. డైలీ ఫైనాన్సులో పదివేల అప్పుకు ముందే వెయ్యి కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. వంద రోజులు రోజుకు వంద చొప్పున కట్టాలి. పోయింది వెయ్యేగా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి ఇచ్చేస్తున్నాం కనుక, ఆ తొమ్మిది వేలు మన దగ్గర పూర్తిగా ఉన్నది ఒక్కరోజే. లెక్క కడితే ఏడాదికి నూటికి డెబ్బై పైమాటే. ఫోనులో దొరికే లోను యాప్‌ల గురించి ఇక్కడ ఎక్కువ రాయము. అప్పుతో పాటు మీ ఫోనులోని బంధువుల నంబర్లన్నీ వాళ్ల చేతికి ఇస్తున్నారని మాత్రం గుర్తుంచుకోండి.

వడ్డీ తినేవాళ్లంతా బయటివాళ్లే అనుకోవద్దు. మనలోనూ నమాజు చేస్తూ వడ్డీకి తిప్పేవారు ఉన్నారు. ఇంతకన్నా రాయము, చదివేవారికి తెలుసు.

వడ్డీకి, వాయిదాలకు కలిపి ఆ ఇంట్లో నెలకు 6,300 పోతోంది. సంపాదనలో మూడోవంతు. ఇంటద్దె 4,000 పోగా నలుగురు మనుషులకు మిగిలేది 8,700. ఇంత తక్కువలో ఏం పొదుపు చేస్తారని మాలోనే ఒకరు అన్నారు. ఆ ప్రశ్న సబబైనదే. ఆకలితో ఉన్నవాడికి పొదుపు పాఠం చెప్పడం అన్యాయం. అయినా ఒక నెల పాటు ప్రతి రూపాయి రాయమన్నాం. ఏమీ తగ్గించవద్దు, రాయండి చాలు అన్నాం. షాపు దగ్గర ఖర్చు ఆయన, ఇంటి ఖర్చు కొడుకు చేత ఆమె రాయించారు.

నెల తర్వాత ఆ పుస్తకం చూసి ఎక్కువ ఆశ్చర్యపోయింది వాళ్లే. షాపు దగ్గర టీ, ఖైనీ కలిపి రోజుకు 70, నెలకు 1,750. ఇంతవరకు ఊహించినదే. కానీ అంతకన్నా పెద్ద పద్దు ఇంకొకటి ఉంది. ఆ నెలలో ఒక పెళ్లి, ఒక వలీమా, ఒక ఖత్నా దావత్‌కు వెళ్లారు. చదివింపులు, ఆటో చార్జీలు, కొడుక్కి ఒక చొక్కా కలిపి 2,400. అంతకు ముందు నెల కూడా దాదాపు అంతే అయిందని ఆమె చెప్పింది. అప్పుల్లో ఉన్న ఇల్లు ఇతరుల విందుల్లో తన పరువు నిలబెట్టుకోవడానికి వంటనూనె కన్నా ఎక్కువ ఖర్చు పెడుతోంది.

కిరాణా ఖాతాలో కూడా ఒక సంగతి బయటపడింది. ఖాతా ఉన్నచోట బేరం ఉండదు, ఇచ్చిన ధరకు తీసుకోవాలి. బియ్యం, పప్పు, నూనె నెల మొదట్లో హోల్‌సేల్ కొట్టులో రొక్కానికి తెస్తే 550 తేడా వచ్చింది. విడివిడిగా కొంటే అన్నీ ఖరీదే అనే మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. షాంపూ సాచెట్లు ఒక్కోసారి సీసా కన్నా చవకే పడతాయి. ఈ సంగతి మాకు చెప్పింది ఆమే. ఇంటి ఖర్చు గురించి మగవాళ్లం ఆడవాళ్లకు పాఠాలు చెప్పడం తగ్గిస్తే మంచిది.

వృథా ఖర్చు చేసేవారిని షైతానుల సోదరులుగా బనీ ఇస్రాయీల్ సూరా పేర్కొంది. అల్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్ ఇంకో వైపును కూడా చూపుతుంది. కరుణామయుని దాసులు దుబారా చేయరు, పిసినారితనమూ చూపరు, రెంటికీ మధ్యన నిలుస్తారు. కనుక తల్లి మందులు, కొడుకు ఫీజు, శుక్రవారం ఒక పూట మాంసం వీటిని ముట్టుకోవద్దని మేమే చెప్పాం. మాంసం మానేసి అప్పు తీర్చే ఇల్లు మూడో నెలలో విసిగిపోయి పుస్తకం మూసేస్తుంది. ఖైనీ పూర్తిగా మానలేదు కానీ టీతో కలిపి 700కు దిగింది. చదివింపులకు నెలకు 1,200 మించకూడదని హద్దు పెట్టుకున్నారు. దగ్గరివారికి ఇస్తారు, దూరపువారి వలీమాకు వెళ్లి దువా చేసి వస్తారు. రెండో ఫోను డేటా ప్యాక్ తగ్గించారు, 300 మిగిలింది. అన్నీ కలిపి 3,100.

ఇంతవరకు ఇంటి పని. ఇక్కడి నుంచి తోటివారి పని. 3,100 రూపాయలతో ఆ కుటుంబం ఒంటరిగా ఆ వడ్డీని గెలవడం చాలా కాలం పట్టే పని.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) బానిసత్వం నుంచి విడుదలకు యజమాని పెట్టిన వెల 300 ఖర్జూరపు మొక్కలు, 40 ఊఖియాల బంగారం. ఒక్కడు తెచ్చుకోగలిగింది కాదు. మీ సోదరునికి సాయపడండని ప్రవక్త (స) అన్నారు. ఒకరు ముప్పై మొక్కలు, ఒకరు ఇరవై, ఒకరు పదిహేను, ఒకరు పది తెచ్చారు. ఎవరి తాహతు కొద్దీ వారు. గుంతలు సల్మాన్ (రజి) తవ్వుకున్నారు, సహచరులు చెయ్యి వేశారు.

మన హైదరాబాద్ ప్రాంతంలో వడ్డీలేని అప్పు ఇచ్చే సంఘాలు నిజాం కాలం నుంచే ఉన్నాయి. వాటి గురించి హైదరాబాదీ విద్వాంసుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ప్రపంచానికి తెలిసేలా రాశారు. మన సొసైటీ ఖర్జె హసనా పద్దు ఆ తోవలో చిన్న ప్రయత్నం. మొదటి రోజుల్లో మేము ఒక తప్పు చేశాం. సోదరుల మధ్య కాగితాలేమిటని నోటి మాట మీద ఇచ్చాం. కొంత సొమ్ము తిరిగి రాలేదు. అంతకన్నా బాధ ఏమిటంటే, తీసుకున్నవారు మొహం చాటేసి మస్జిదు మార్చుకున్నారు. రాసి ఉంటే గడువు అడిగేవారు, రాయలేదు కనుక తప్పుకున్నారు. ఇప్పుడు ప్రతి అప్పుకూ కాగితం, ఇద్దరు సాక్షులు, ఒక జామీను ఉంటాయి.

ఆ కుటుంబానికి 30,000 ఖర్జె హసనా ఇచ్చాం. నెలకు వెయ్యి చొప్పున 30 నెలల్లో తిరిగి కట్టాలి. డబ్బు చేతికి ఇవ్వలేదు. మా పెద్దలు ఇద్దరు ఆయనతో కలిసి వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లి అసలులో సగం కట్టి, ప్రోనోటు వెనుక చెల్లు రాయించారు. ఇకపై ఎంత అసలు కట్టినా తీసుకుని ఆ మేరకు వడ్డీ తగ్గించాలని ఒప్పించారు. పాత వడ్డీలో కొంత వదలమని అడిగితే అతను ఒప్పుకోలేదు. అడగడం మన పని. మస్జిదె నబవీలో హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తన బాకీ కోసం ఒకరితో గొంతు పెంచినప్పుడు ప్రవక్త (స) తెర తొలగించి, సగం వదిలేయమని చేత్తో సైగ చేశారు. కఅబ్ (రజి) వదిలేశారు. వెంటనే రెండోవారితో, లేచి మిగతా సగం కట్టమన్నారు. ఇచ్చినవాడికి జాలి, తీసుకున్నవాడికి ఆలస్యం చేయకపోవడం, రెండూ ఒకే పూటలో నేర్పారు. ఇబ్బందుల్లో ఉన్న బాకీదారుకు గడువు ఇవ్వాలనీ, వదిలేస్తే ఇంకా మేలనీ అల్ బఖరా 280వ ఆయత్ చెప్పేది కూడా ఇదే.

చూడండి, ఆ రోజు ఆ కుటుంబం అప్పు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. 1,62,000 అలాగే ఉంది. కానీ నెలకు 900 వడ్డీ ఆగింది. ఆ 900కు పొదుపులోని వంద కలిపి సొసైటీకి వెయ్యి కడుతున్నారు. వడ్డీగా ఆవిరయ్యే సొమ్మే ఇప్పుడు అసలుగా జమ అవుతోంది.

మిగిలిన 3,000 మొదటి రెండు నెలలు కిరాణా ఖాతాకు వెళ్లింది. ఎక్కువ వడ్డీ ఉన్నదాన్నే ముందు కొట్టాలని మాలో ఒకరు వాదించారు. లెక్క ప్రకారం అదే సరి. అయినా కిరాణా ఆయన చిన్న వ్యాపారి, అతని పెట్టుబడి ఇరుక్కుపోయింది. పైగా ఒక అప్పు పూర్తిగా కొట్టేసిన గీత పుస్తకంలో కనబడితే మనిషికి ధైర్యం వస్తుంది. రెండు నెలలకు డైలీ ఫైనాన్సు తీరింది, నెలకు మరో 3,000 చేతికి వచ్చింది. మూడో నెలలో కిరాణా మిగతా వెయ్యి ముగిసింది. ఆ నెల నుంచి మిగిలినదంతా వ్యాపారికి. ఆరు నెలలకు ఫ్రిజ్ కూడా అయిపోతుంది. కాగితం మీద ఏడో నెలకు వడ్డీ వ్యాపారి బాకీ పూర్తి కావాలి.

కాగితం మీద ఉన్నట్టు జరగలేదు. అయిదో నెలలో తల్లికి జబ్బు చేసి ఆసుపత్రిలో వారం ఉంచారు. తొమ్మిది వేలు అయింది. డైలీ ఫైనాన్సువాడు మళ్లీ షాపు దగ్గరికి వచ్చి పుస్తకం తీశాడట. ఆ రోజు ఆయన మాకు ఫోను చేయడమే ఈ కథలో గొప్ప విషయం అనుకుంటున్నాం. మందులకు 4,000 సదఖా పద్దు నుంచి ఇచ్చాం, అప్పుగా కాదు. పక్క వాకిళ్ల ఆడవాళ్లు ఆ వారమంతా అన్నం పంపారు. మిగతా డబ్బు ఆమె కమిటీ చీటీ నుంచి వచ్చింది. ఆ వీధిలో పదిమంది ఆడవాళ్లు నెలకు 500 చొప్పున వేసి, పాట లేకుండా, ఒక్కొక్కరికి ఒక్కో నెల పూర్తి 5,000 ఇచ్చుకుంటారు. ఆ నెల వంతు వేరొకామెది. తన వంతు ఈమెకు ఇచ్చి ఆమె వెనక్కి జరిగింది. వేలం పాట పెట్టి తక్కువకు తీసుకునే చీటీల సంగతి వేరు, వాటి గురించి మీ ఉలమాను అడగండి. వంతుల కమిటీలో ఒకటే ప్రమాదం ఉంది. ముందు తీసుకున్నవారు తర్వాత వేయడం మానేస్తే పదిళ్ల నమ్మకం పోతుంది.

జకాత్ గురించి కూడా అడుగుతుంటారు. అత్ తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో మునిగినవారు ఒకరు. కనుక నిజంగా తీర్చలేని స్థితిలో ఉన్నవారి అప్పుకు జకాత్ ఇవ్వవచ్చు. అయితే తనకు రావాల్సిన బాకీని వదిలేసి, అదే నా జకాత్ అనుకోవడాన్ని ఎక్కువమంది విద్వాంసులు ఒప్పుకోరు. ఈ కుటుంబం జకాత్ తీసుకోవడానికి ఇష్టపడలేదు. సంపాదించే చేతులు ఉన్నాయి, మాకన్నా కష్టంలో ఉన్నవారికి ఇవ్వండన్నారు.

పెళ్లి ఖర్చు మాట రాయకుండా ఈ వ్యాసం ముగిస్తే అసలు సంగతి దాచినట్టే. ఆ లక్షా పదివేలు, అంటే ప్రోనోటు, గోల్డ్ లోను, రెండూ ఫంక్షన్ హాలుకు, బిర్యానీకి, జహేజ్ సామానుకు అయిన అప్పులే. హజ్రత్ సఫియ్యా (రజి)తో వివాహం జరిగినప్పుడు ప్రవక్త (స) వలీమాలో ఖర్జూరాలు, జున్ను, నెయ్యి ఉన్నాయి. ఇది చెబితే అందరూ సుబ్హానల్లాహ్ అంటారు, ఇంట్లో పెళ్లి వస్తే హాలు వెతుకుతారు. అమ్మాయి తరపువారిని తప్పుపట్టి లాభం లేదు. సామాను వద్దని అబ్బాయి తరపువారు నోరు తెరిచి చెప్పాలి. మన సభ్యుల్లో కొడుకులు ఉన్నవారు ఈ ఏడాది ఆ మాట చెబితే, వచ్చే ఏడాది శుక్రవారాల్లో మా ముందు కూర్చునేవారు కొందరు తగ్గుతారు.

వడ్డీ వ్యాపారి బాకీ ఏడో నెలలో కాక తొమ్మిదో నెలలో తీరింది. ప్రోనోటు వెనక్కి తీసుకుని, సంతకం ఉన్న చోట చింపి, ఆ ముక్కలు పుస్తకంలో అంటించుకున్నారు. బ్యాంకులో నల్లపూసల దండ ఇంకా ఉంది. ఏడాది గడువు దాటకుండా వడ్డీ కట్టి లోను తిరగరాయించారు, అసలు ఇప్పుడు కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు. దండ ముందు విడిపించుకోమని మేము అన్నాం. ఆమె ఒప్పుకోలేదు, తమ్ముడిది కూడా పక్కనే నడవాలంది. రంజాన్‌కు ముందు మొదటి పదివేలు పట్టుకుని భార్యాభర్తలిద్దరూ అతని ఇంటికి వెళ్లారు. బక్రీద్ రోజు అతను పిల్లలతో వచ్చి, వీళ్ల ఇంట్లో మధ్యాహ్నం అన్నం తిని వెళ్లాడు.